మాంధాత ఫలకము

నూజివీడు తోటలలో మామిడి పూతవేళ మబ్బు పట్టినచో రైతు గుండె జారును. వానకై యెదురుచూచు మెట్టరైతు ఆ మబ్బునకే చేతులు మోడ్చును. శిల్పములను చూచుటయందును ఇట్టి భేదమే కలదు.

జగ్గయ్యపేట స్తూపమును 1882లో బర్జెస్ దొర త్రవ్వించెను. అచటి ఫలకమొకటి చెన్నపురి ప్రదర్శనశాలను చేరినది. అందొక చక్రవర్తి చేయి యెత్తియుండగా మబ్బులనుండి చదరపు నాణెములు రాలుచున్నవి. చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము, రాణి. ఇతడు మాంధాత యని పండితులు పలువురు తలంచిరి.

పురాణములు చదివిన మాకది తొలుత ధర్మప్రభువునకు దక్కిన వైభవముగా దోచెను. బౌద్ధుల జాతకకథ చదివినపిమ్మట మా దృష్టి మాఱెను. అందు మాంధాత చప్పట్లు చఱచినంత రత్నవర్షము కురియును. స్వర్గమున సగము దక్కినను తనివితీరక, ఇంద్రుని చంపదలచి, తుదకు తన యుద్యానవనమున కూలి మరణించును.

శిల్పి యా పతనమును చెక్కలేదు. కథ నెఱిగి వచ్చిన బౌద్ధయాత్రికుడు దానిని మనసున పూరించుకొనును. మాకట్టి యెఱుక లేకపోయెను. స్తూపమునెదుట నిలిచియు మేము మా చదువునే చూచుకొంటిమి.

పాఠకులారా! పిల్లలకు ప్రాచీనశిల్పమును చూపునపుడు తెలిసిన పేరు చెప్పి ముగింపకుడు. దానిని ఎవరు, ఎవరికొఱకు చెక్కిరో ముందుగా విచారింపనిండు.