‘బాండికూట్’: ఒక పదము, రెండు జంతువులు

భారతీయభాషలనుండి ఆంగ్లమునకు చేరిన పదములను గూర్చి మనవారు వ్రాసిన వ్యాసములలో ఒక లోపము తఱచుగా కానవచ్చుచున్నది. మూలపదమును చూపగనే వ్యాసకర్త కృతార్థుడైనట్లు తలచి కలము దించును. ఆ పదము పరభాషలో ఎట్లు మెలగినదో విచారింపడు. ‘బాండికూట్’ అను పదమును పరిశీలించినచో ఈ విచారణ ఎంత యావశ్యకమో తేటపడును.

ఇది తెనుగు ‘పందికొక్కు’ అనుటలో సంశయము లేదు. 1886లో యూల్, బర్నెల్ పండితుల పేర వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ వ్యుత్పత్తినే చెప్పినది. ధ్వనిసామ్య మొక్కటే ఆధారమైనచో నేను దీనిని ఇంత నిస్సంకోచముగా అంగీకరింపను. తమిళులు ఈ జంతువును ‘పెరుచ్చాళి’ అందురు; కన్నడిగులు ‘హెగ్గణ’ అందురు. పంది, కొక్కు అని విడదీసి అర్థము చెప్పుటకు వీలగునది మన పేరే. కొక్కు అనగా ఎలుక. వినాయకునకు ‘కొక్కురౌతు’ అను పేరు కలదు గదా. ఎదిరించునపుడు పందివలె గుఱ్ఱుమనును గనుక పూర్వపదమును సార్థకమే. ‘కొక్కు’ ‘కూట్’గా మాఱుటకు, ఆంగ్లమున అదివఱకే ఉన్న ‘కూట్’ అను నీటిపక్షి పేరు దోహదము చేసి యుండునని నా యూహ.

‘మంగూస్’ విషయమున ఇంత ధైర్యము తగదు. మన ముంగిసకు మరాఠీ ‘ముంగూస్’, కన్నడ ‘ముంగిసి’ తోబుట్టువులు. ఆంగ్లనిఘంటువులు మరాఠీనే ప్రధానముగా చూపుచున్నవి. దానిని మన సొత్తని చాటుట అభిమానమే కాని శాస్త్రము కాదు.

ఇక బాండికూట్ ప్రయాణము. 1788లో ఆంగ్లేయులు ఆస్ట్రేలియాలో వలస నెలకొల్పిరి. అచట కోసుమూతితో నేలను త్రవ్వు ఒక చిన్న జంతువును చూచి, హిందూదేశమున వాడుకలో నున్న పేరునే దానికి పెట్టిరి. నిజమునకది ఎలుకజాతియే కాదు. కంగారువలె పిల్లలను సంచిలో పెంచునది. పేరు వెళ్ళినచోట క్రొత్త నుడికారము పుట్టినది. మొక్క పైభాగము కదలకుండ నేలలోని దుంపలను దొంగిలించుటకు అచటివారు ‘బాండికూట్’ను క్రియగా వాడిరి. ఇది స్వభావమునకు తగినదే. కాని ‘బాండికూట్ అంత దరిద్రుడు’ అను సామ్యము కూడ వారి భాషలో కలదు! గాదె క్రింద చేరి మెక్కి బలిసిన పందికొక్కును తెనుగువాడు తిండిపోతునకును, పరుల సొమ్ము మ్రింగువానికిని ఉపమానము చేసెను. అదే పేరు సముద్రము దాటి లేమికి ఉపమానమైనది. శాస్త్రజ్ఞుల పరిభాషలో మాత్రము మూలార్థము చెడలేదు. 1873లో గ్రే అను జంతుశాస్త్రజ్ఞుడు పందికొక్కుల ప్రజాతికి ‘బాండికోటా’ అని పేరిడెను.

కావున ఆస్ట్రేలియా కథలో ‘బాండికూట్’ కనబడినచోట, మూలము మనదే గదా యని ‘పందికొక్కు’ అని వ్రాయు అనువాదకుడు వ్యుత్పత్తిని నమ్ముకొనియే పొరపడుచున్నాడు. పాఠకునకు గాదె క్రింది జంతువు స్ఫురించును. దరిద్రుని వర్ణన తిండిపోతు వర్ణనగా మాఱును. అట్టిచోట ‘బాండికూట్’ అనియే యుంచి, తొలిసారి వచ్చినపుడు సంచిజంతువని సూచించుట మేలు. ఆంగ్లాంధ్ర నిఘంటువులు సైతము ఈ రెండర్థములను వేఱువేఱు సంఖ్యలతో చూపవలెను. రెండవదానికి ‘పందికొక్కు’ అను మాటను దరి చేరనీయరాదు.