మన చెట్లను ఎవరి కన్నుతో ఫొటో తీస్తున్నాం?

ఫాల్గుణం వచ్చిందంటే మన ఫోన్ల నిండా మోదుగు పూలే. స్టేటస్‌లో మోదుగు, గ్రూపుల్లో మోదుగు, మర్నాడు పేపరు జిల్లా పేజీలో మోదుగు. కింద రాసే మాట కూడా ఏటా ఒకటే: అడవికి నిప్పంటుకున్నట్టుంది అని. ఉట్నూరు, జైనూరు వైపు పనిచేసే ఉపాధ్యాయులం కొందరం ఈసారి ఆ ఫొటోలను పోగేసి, మా బడి పిల్లలు తీసినవాటి పక్కన పెట్టి చూశాం. పాటనూ కథనూ విమర్శించినట్టే ఫొటోను కూడా విమర్శించుకోవాలని మా ఉద్దేశం.

ముందు వెలుగు సంగతి. ఫొటోలు తీయడం నేర్పే వీడియోల్లో అడవి వెలుగంటే పచ్చటి నీడ, ఆకుల సందుల్లోంచి జారే ఎండ చుక్కలు. అది ఏడాది పొడవునా ఆకు ఉండే అడవుల మాట. మనది టేకు అడవి. మోదుగు పూసేనాటికి టేకు ఆకు రాల్చేసి ఉంటుంది, మోదుగుకూ ఆకుండదు. ఎండ అడ్డు లేకుండా నేలదాకా దిగుతుంది. నేల మీద కొమ్మల నీడలు గీతలుగా పడతాయి. ఎండుటాకుల మీద పడిన ఎండ మళ్లీ పైకి లేచి, కొమ్మల అడుగు వైపుకు లేత గోధుమరంగు వెలుగు పడుతుంది. పొద్దున తొమ్మిది లోపు చెట్టు కింద నిలబడి తలెత్తి చూస్తే తెలుస్తుంది, మోదుగు ఆ వెలుగులో ఎంత బాగుంటుందో. మేం పోగేసినవాటిలో ఆ వెలుగున్నవి రెండో మూడో. మిగిలినవన్నీ సాయంత్రం సూర్యుణ్ణి వెనక పెట్టుకునో, నీలాకాశం మీద ఒక్క కొమ్మ చివర పట్టుకునో తీసినవి.

పైగా రంగు పెంచడం ఒకటి. మోదుగు రెక్కను తాకినవాళ్లకు తెలుసు, దాని మీద సన్నటి నూగు ఉంటుంది, ఎండలో వెండిలా మెరుస్తుంది. పాఠంలో రక్షకపత్రాలు అంటామే, అవి నల్లటి మఖమల్ గుడ్డలా ఉంటాయి. ఆ నలుపు పక్కనుండబట్టే ఎరుపు అంత ఎర్రగా కనిపిస్తుంది. ఎండలో ఎరుపు హద్దు దాటితే ఫోనుకు రెక్కకూ రెక్కకూ తేడా తెలియదు, అంతా ఒకే ముద్ద చేస్తుంది. దాని మీద ఫిల్టరు కూడా వేస్తే ఇక అది ప్లాస్టిక్ తోరణమే. పువ్వు మీద వేలు పెట్టి నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగితే చాలు, నూగు కనబడుతుంది. ఏడో తరగతి పిల్లలు అయిదు నిమిషాల్లో నేర్చుకున్నారు.

అయితే మాకు రంగు కన్నా ఎక్కువ బాధ కలిగించింది ఆ నిప్పు అనే మాట. మోదుగును పోరాటానికి గుర్తుగా చూడటం తెలుగు సాహిత్యంలో ఉన్నదే. దాశరథి రంగాచార్య తన నవలకు ‘మోదుగుపూలు’ అనే పేరే పెట్టారు. దానితో మాకు తగాదా లేదు. కానీ మనకు మోదుగు అంటే దురాడి నాటి రంగు నీళ్లు, పెళ్లి భోజనాల విస్తరాకు. రోడ్డు పక్కన కారు ఆపి చూసినవాళ్లకు అది నిప్పులా ఉంటే ఉండొచ్చు. ఇంటి పెరట్లో ఆ చెట్టున్న పిల్లవాడు కూడా అదే మాట రాసుకుంటే ఏమనాలి? మా దగ్గర ఒకడు పెరటి చెట్టు వదిలేసి రోడ్డు దాకా నడిచి వెళ్లి ఫొటో తీశాడు. ఎందుకురా అంటే, “మా చెట్టు తీస్తే పశువుల కొట్టం పడుతోంది సార్” అన్నాడు. కొట్టం పడితే తప్పేమిటో వాడికి ఎవరూ చెప్పలేదు. పడకూడదని మాత్రం ఎక్కడో నేర్చుకున్నాడు.

బయటివాళ్లు కాబట్టి తప్పుగానే చూస్తారని మేం అనం. 1940లలో మార్లవాయిలో ఉండి హైమన్‌డార్ఫ్ తీసిన నలుపు తెలుపు ఫొటోల్లో రంగు లేకపోయినా మనుషులున్నారు. ఇప్పుడు రంగు ఉంది, మనుషులు లేరు.

ఈ లోటు పెద్దగా కనిపించేది ఇప్పచెట్టు దగ్గర. మెచ్చుకోళ్లు బాగా వచ్చిన ఒక ఫొటో చూశాం. చెట్ల మధ్య ఎండ పట్టీలు పట్టీలుగా దిగుతోంది. చక్కగా తీశారు, కాదనం. కింద ‘మంచు తెరలో అడవి’ అని రాశారు. ఏప్రిల్ నెలలో మంచెక్కడిది? అది పువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చిన పొగ. (కాల్చవద్దు, ఊడ్చుకోండని మేమూ ఊళ్లో చెబుతూనే ఉన్నాం. అది వేరే వ్యాసం.) పొగను మంచు అనేసరికి కాల్చిన మనిషి మాయమయ్యాడు. ఏ ఇప్పచెట్టు ఏ ఇంటివాళ్లు ఏరుకుంటారో ఊళ్లో అందరికీ తెలుసు. ఇప్పపువ్వు లాంటి అటవీ ఫలసాయం మీద మనకు యాజమాన్య హక్కు ఉందని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. ఇలాంటి చోట, ఎవరూ లేని అడవి ఫొటో ఒక్క అందం మాటే చెబుతుందని మేం అనుకోలేం. అడవి ఖాళీగా ఉందని కూడా చెబుతుంది.

ఇప్పపువ్వు ఫొటోలు తక్కువ రావడానికి మరో కారణం, అది చీకటి పువ్వు. రాత్రి విచ్చుకుని తెల్లవారకముందే రాలడం మొదలుపెడుతుంది. ఎండెక్కాక వచ్చినవాళ్లకు కొమ్మల చివర కీలాలు మాత్రం సన్నటి తీగల్లా మిగిలి ఉంటాయి. అయిదింటి వెలుగు బూడిద రంగులో ఉంటుంది. ఫోను నైట్ మోడ్ దాన్ని పట్టపగలు చేసేస్తుంది. ఫ్లాష్ వేస్తే రాలిన పువ్వులు మరమరాలు ఒలికినట్టు తెల్లగా, చదునుగా వస్తాయి.

మా బడి ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ రెండూ లేకుండా తీసింది. నేల మీద పువ్వులు కదలకుండా ఉన్నాయి, వాటి మీదుగా అమ్మమ్మ చెయ్యి మసగ్గా, రెండు చేతులేమో అన్నట్టుగా సాగి ఉంది. పక్కన గంప. వెలుగు చాలక చెయ్యి అలా చెదిరింది, కానీ ఏరే వేగం ఎంతో ఆ చెదరడంలోనే తెలుస్తోంది. మేం పోగేసిన అన్నిటిలో మాకు నచ్చింది ఇదే. ఆ ఫొటో చూసి మేం కొంచెం తల దించుకున్నాం కూడా. ఒంటిపూట బడి మొదలయ్యేది పొద్దున ఎనిమిదింటికి. అది సరిగ్గా ఇప్పపువ్వు ఏరే వేళ. ఆ అమ్మాయి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో హాజరు పట్టీలో గైర్హాజరు వేసింది మేమే, ఎందుకని అడగలేదు.

ఫొటోలో లోపాలు లేవని కాదు. నేల ఒక పక్కకు ఒరిగింది, మూలన ఆమె వేలు పడింది. వచ్చే ఏడు ఫోనును రాయికి ఆనించి, కుదురుగా కూర్చుని తీయమని చెప్పాం.

“కుదురుగా కూర్చుంటే పువ్వు ఏరేదెవరు సార్?” అంది.