ఏమీ జరగని రాత్రికి ఒక అవార్డు

వేడుకలు నడిపేవాళ్లకే ప్రత్యేకంగా అవార్డుల సభ ఉంటుందని చెబితే మా పిఠాపురంలో ఇప్పటికీ చాలామంది నమ్మరు. సినిమావాళ్లకు నందులు తెలుసు, రచయితలకు అకాడమీ పురస్కారాలు తెలుసు. పందిరి వేయించి, వేదిక కట్టించి, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, భోజనం పెట్టి సాగనంపే పనికి కూడా పోటీలు, తీర్పులు, జ్ఞాపికలు ఉన్నాయి. 2008లో ఏర్పడిన ఈవెంట్ అండ్ ఎంటర్‌టైన్‌మెంట్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్, ఈ రంగంలో అందరూ ‘ఈమా’ అని పిలిచేది, దేశవ్యాప్తంగా ఈమాక్స్ పేరుతో అవార్డులిస్తోంది. హైదరాబాద్‌లో తెలంగాణ చాంబర్ ఆఫ్ ఈవెంట్స్ ఇండస్ట్రీ కూడా ఇలాంటి అవార్డుల వేడుక చేస్తోంది. ఈ పని చేసి బతికేవాడిగా నాకు ఈ సభలంటే గౌరవం. ఆ గౌరవంతోనే వాటిని ఒక కోరిక కోరుతున్నాను.

ముందు ఆ రాత్రి అందం చెప్పాలి. ఏడాదంతా నల్ల టీషర్టు వేసుకుని, చెవిలో వైరు పెట్టుకుని, వేదిక వెనక చీకట్లో నిలబడేవాళ్లు ఆ ఒక్క రాత్రి సూటు వేసుకుని, పట్టుచీర కట్టుకుని, వెలుతురులో కుర్చీల్లో కూర్చుంటారు. తమ పేరు మైకులో వింటారు. అయినా వాళ్ల కళ్లు ఊరుకోవు. పూలగుత్తి ఎలా కట్టారో, స్క్రీన్ మీద బొమ్మ ఒక్క లిప్త ఆలస్యమైందో, వడ్డించే కుర్రాడు ఏ వైపు నుంచి వచ్చాడో అన్నీ చూస్తుంటాయి. ఆ సభను నడిపే బృందానికి అంతకంటే కష్టమైన ప్రేక్షకులు ఉండరు. ఆ ఒత్తిడిలో సభను నిమిషం తప్పకుండా నడిపినవాళ్లను చూస్తే నాకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

అయితే తీర్పు ఎలా ఇస్తారు? చాలా పోటీల్లో సంస్థలు దరఖాస్తు పంపుతాయి. దాంతోపాటు ఫొటోలు, రెండు మూడు నిమిషాల వీడియో, చేసిన పని గురించి ఒక రాత ఉంటాయి. న్యాయనిర్ణేతలు వాటిని చూసి మార్కులు వేస్తారు. మండపం ఎంత గొప్పగా ఉంది, ఆలోచన ఎంత కొత్తగా ఉంది అన్నవి ఇందులో బాగానే తెలుస్తాయి. తెలియనిది ఒకటి మిగిలిపోతుంది. మా పనిలో గొప్పతనమంతా జరగకుండా ఆపినవాటిలో ఉంటుంది. జరగనిదాన్ని ఏ కెమెరా తీయగలదు?

అర్ధరాత్రి ముహూర్తాన్నే తీసుకోండి. జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ వచ్చింది. పంతులుగారు కళ్లు గడియారం మీద పెట్టి ఒక చెయ్యి పైకెత్తుతారు. ఆ చెయ్యి కిందికి దిగే క్షణంలో గట్టిమేళం మోగాలి. మేళంవాళ్లకు పంతులుగారు కనబడాలంటే ఫొటోగ్రాఫర్లు, పెద్దత్తయ్యలు, పూల స్తంభాలు మధ్యలో ఉండకూడదు. అందుకే ఆ స్తంభాన్ని పొద్దున్నే రెండడుగులు పక్కకు జరిపిస్తాం. ఎందుకు జరిపించామో ఎవరికీ తెలియదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందనుకోండి, జనరేటర్ అందుకునేలోపు కొన్ని క్షణాలు పడతాయి. మైకు సెట్టుని ముందే ఇన్వర్టర్ మీద పెట్టి ఉంచిన ఎలక్ట్రీషియన్ ఉంటే దీపాలు ఆరినా మంత్రం ఆగదు. వీడియోలో మాత్రం ఒక్కసారి చీకటై మళ్లీ వెలుతురు వస్తుంది. కూర్పులో దాన్ని కూడా కత్తిరించేస్తారు. ఆ రాత్రి మొత్తంలో అతి తెలివైన పని అలా తెగి పడిపోతుంది.

భోజనాల దగ్గరికి రండి. మా గోదావరి జిల్లాల్లో పెళ్లి ఎలా జరిగిందని అడిగితే ముందు చెప్పేది భోజనం గురించే. మొదటి బంతి లేచేసరికి రెండో బంతివాళ్లు కుర్చీల వెనకే నిలబడి ఉంటారు. ఆ రెంటి మధ్య ఉన్న కాసేపట్లో ఆకులు ఎత్తాలి, బల్ల మీద కాగితం మార్చాలి, నీళ్లు పెట్టాలి, ఉప్పు, పచ్చడి, బూరె, పులిహోర వరస తప్పకుండా పడాలి. నాకు తెలిసిన ఒక వంటమేస్త్రి ఆ సమయంలో పొయ్యి దగ్గర ఉండడు. ఆకులు ఎత్తే కుర్రాళ్ల పక్కన నిలబడి ఎత్తిన ఆకుల్లోకి చూస్తాడు. పనసపొట్టు కూర మిగిలితే ఆవ ఘాటెక్కిందని, పప్పు మిగిలితే నెయ్యి వెనకపడిందని అర్థం. రెండో బంతికి ఆ లోపం ఉండదు. మూడో బంతిలో తినేవాళ్లకు ఆ రోజు బంధువులందరిలోకీ మంచి భోజనం దొరుకుతుంది. ఈ నేర్పుకి ఏ అవార్డుల జాబితాలోనూ గడి లేదు.

ఇక గాలి సంగతి. వైశాఖంలో మధ్యాహ్నమంతా ఉక్కపోసి, సాయంత్రానికి ఉన్నట్టుండి గాలివాన దిగడం మాకు కొత్త కాదు. పందిరి పని మీద జుట్టు నెరిసిన పెద్దాయన ఒకరు నాతో ఎప్పుడూ వస్తారు. ఒకసారి రిసెప్షన్‌కి సీరియల్ సెట్లు వెలిగించి, అంతా సిద్ధమని నేను ఊపిరి పీల్చుకున్న సమయానికి ఆయన వచ్చి, “గాలి తిరిగిందండి బాబూ, పడమటేపు పరదాలు ఎత్తించేయండి, ఆ రాటలకి ఇంకో తాడు పడాలండి” అన్నారు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. పరదాలు ఎత్తితే వెనకున్న గోడ కనబడి అలంకారం చెడుతుందని డెకరేషన్ కుర్రాళ్లు బాధపడ్డారు. ఆయన మాటే నెగ్గింది. గంట తిరక్కుండా గాలి వచ్చింది. ఎత్తిన పరదాల కింద నుంచి దూసుకెళ్లిపోయింది, పందిరి నిలబడింది. ఆ సాయంత్రం ఫొటోల్లో గోడ కనబడుతుంది. పోటీకి పంపితే ఆ ఫొటోలకు మార్కులు తగ్గుతాయి. నా దృష్టిలో నేను చూసిన అతి మంచి పనుల్లో అదొకటి.

పనిని పని జరిగే చోటే తూచే పద్ధతి మా ఊరికి బాగా తెలుసు. 1885లో పుట్టి 1964లో కాలం చేసిన పిఠాపురం మహారాజా రావు సూర్యారావు బహద్దూర్ కవిపండితులను ఆదరించిన ప్రభువు. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆయన పేరు మీద వెలసిందే. ఆయన సంస్థానంలో వెంకట రామకృష్ణ కవులు ఆస్థాన కవులుగా ఉండేవారు. అది అవధానాలు వెల్లివిరిసిన కాలం. అవధానిని ఎలా పరీక్షిస్తారు? చుట్టూ పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరితో అడుగడుగునా అడ్డుపడతారు, ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో దారి మళ్లిస్తారు. అన్నిటినీ మనసులో పెట్టుకుని చివర్లో ధారణ చేయాలి. పెళ్లి మండపంలో నిలబడ్డ నిర్వాహకుడి పని సరిగ్గా ఇదే. వియ్యపురాలు ఒకటి అడుగుతుంది, కేటరింగ్ కుర్రాడు ఒకటి అడుగుతాడు, డ్రైవర్ ఫోన్ చేస్తాడు, డీజే అబ్బాయి ఇంకో పాట వేస్తానంటాడు. అవధానికి పరీక్ష జరిగిన సభలోనే, పరీక్ష చూసిన వాళ్ల ఎదుటే సన్మానం జరుగుతుంది. ఆయన పద్యాలను తర్వాత అచ్చులో చదివి ఇచ్చే మెప్పు వేరు, అడ్డంకుల మధ్య పుడుతుంటే విని ఇచ్చే మెప్పు వేరు.

మా పెళ్లిళ్లలోనూ ఈ మర్యాద ఉంది. అన్నీ సవ్యంగా జరిగాక ఇంటి యజమాని వంటమేస్త్రినీ, సన్నాయి మేళంవాళ్లనూ పిలిచి, తాంబూలంతో బట్టలు పెడతాడు. ఎవరి చెయ్యి పనిచేసిందో ఆ చేతికే అందుతుంది. పెద్ద సభల్లో జ్ఞాపిక సంస్థ యజమాని చేతికి వెళ్తుంది. ఆయన వేదిక మీద “ఇది మా టీమ్‌ది” అంటారు, మనస్ఫూర్తిగానే అంటారు. కానీ ఆ టీమ్‌లో రాట పాతినవాడి పేరు ఎవరూ చదవరు.

ఇదంతా మర్యాదల గొడవ మాత్రమే అయితే నేను ఇంత పట్టుబట్టేవాడిని కాదు. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజు పొద్దున్నే, రాజమండ్రి పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాట జరిగి 27 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఉదయం అలంకారాలకు లోటు లేదు, దీపాలకు లోటు లేదు. ఎక్కువమంది ఒకే ఘాట్ మీదకు వచ్చి పడ్డారు. వచ్చేదారి, పోయేదారి, ఆగి ఊపిరి పీల్చుకునే చోటు, ఈ మూడూ మా పనికి ప్రాణం. వాటిని కాగితం మీద గీసి, బాదులు కట్టి, మనుషులను నిలబెట్టేవాడే అసలైన నిర్వాహకుడు. శివరాత్రికి మా ఊరి పాదగయ క్షేత్రంలో స్నానానికి దిగే జనాన్ని చూసినప్పుడల్లా నేను మెట్ల దగ్గర బాదులు ఎటు కట్టారో చూస్తాను. మా పక్కనే చిత్రాడలో 2025 మార్చి 14న జనసేన ఆవిర్భావ సభ జరిగింది. చిన్న ఊళ్ల పొలాల్లోకి కూడా ఇప్పుడు అంతంత సభలు వస్తున్నాయి. వాటిని ఒడ్డున పడేసే నేర్పు కూడా ఊళ్లలోనే పెరగాలి. 2027లో మళ్లీ పుష్కరాలు.

అందుకే అవార్డులిచ్చే పెద్దలను నేను కోరేది ఇది. న్యాయనిర్ణేతల్లో ఒకరిద్దరైనా చెప్పకుండా వేడుకకు రావాలి. ముందు వరసలో కూర్చోకుండా ఆఖరి బంతిలో భోజనం చేయాలి. వేదిక వెనక వైర్ల మీద ఎవరైనా కాలు పెడుతున్నారేమో చూడాలి. బయటికి పోయే దారిలో కుర్చీలు అడ్డం వేశారేమో చూడాలి. మర్నాడు పొద్దున్న మళ్లీ వచ్చి, పందిరి విప్పిన స్థలం ఎంత శుభ్రంగా ఉందో, మిగిలిన అన్నం ఎవరి ఆకలి తీర్చిందో అడగాలి. వడ్డించిన కుర్రాళ్లకు కూలి ఆ రాత్రే అందిందా అని వాళ్లనే అడగాలి. భద్రతకు ఒక అవార్డు పెట్టాలి, దాన్ని ఆ రాత్రి మొత్తంలో అన్నిటికంటే చివర, అన్నిటికంటే పెద్ద అవార్డుగా ప్రకటించాలి. వంటమేస్త్రికి, ఎలక్ట్రీషియన్‌కి, పందిరి మేస్త్రికి వాళ్ల వాళ్ల పేర్లతో జ్ఞాపికలు ఇవ్వాలి. కుటుంబంతో సహా పిలిచి ముందు కుర్చీల్లో కూర్చోబెట్టాలి.

ఇది ఖర్చుతో కూడిన పని అనేవాళ్లకు నా సమాధానం ఒకటే. ఏ పనికి మెప్పు దొరుకుతుందో ఆ పనే కొత్త తరం నేర్చుకుంటుంది. ఈవెంట్ మేనేజ్‌మెంట్ చదివి వస్తున్న మా ఊరి పిల్లలు ఇప్పుడు ఫోన్లో చూపించేవన్నీ మండపాల ఫొటోలే. వాళ్ల అభిరుచి బాగుంది, చేతులు చురుకైనవి. జనం వచ్చే దారి గీయడం కూడా గొప్ప విద్యేనని, దానికీ వేదిక మీద చప్పట్లు పడతాయని వాళ్లకు కనబడాలి. కనబడితే పుష్కరాల నాటికి ఆ విద్య తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ నలుగురు తయారవుతారు. అప్పుడు ఆ పన్నెండు రోజులూ ఏమీ జరగకుండా గడిచిపోతే, ఆ ఏడాది అవార్డు ఎవరికివ్వాలో న్యాయనిర్ణేతలు వెతుక్కోనక్కర్లేదు.