‘లవ్‌లెస్’: ఖర్చు కథ, గిటార్ కథ

మై బ్లడీ వాలంటైన్ 1983లో డబ్లిన్‌లో మొదలై తర్వాత లండన్ చేరిన ఆల్టర్నేటివ్ రాక్ బృందం. దాని రెండో ఆల్బం ‘లవ్‌లెస్’ 1991 నవంబర్‌లో క్రియేషన్ రికార్డ్స్ నుంచి వెలువడింది. పాటలు 11, నిడివి సుమారు 48 నిమిషాలు. రికార్డింగ్ మాత్రం 1989 ఫిబ్రవరిలోనే మొదలైంది. కొద్ది రోజుల్లో తేలిపోతుందని కంపెనీ అనుకున్న పని రెండేళ్లకు పైగా సాగి, 19 స్టూడియోలు తిరిగింది. మొత్తం ఖర్చు రెండున్నర లక్షల పౌండ్లనీ, దాంతో క్రియేషన్ దివాలా అంచుకు వెళ్లిందనీ ప్రచారం. బృంద నాయకుడు కెవిన్ షీల్డ్స్ ఆ అంకెను ఒప్పుకోలేదు. అయిన ఖర్చులో చాలాభాగం ఆ ఏళ్లలో బతకడానికి సరిపోయిందని ఆయన వాదన.

ఆల్బం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ముందు డబ్బు సంగతి, తర్వాత షీల్డ్స్ మొండితనం, మిగిలిన ఒక్క వాక్యంలో సంగీతం. దీని వెనక ఒక నమ్మకం ఉంది: అంత ఖర్చు, అంత కాలం పెట్టారు కాబట్టే అలాంటి శబ్దం పుట్టిందని. కానీ ఇక్కడ ఖర్చు కన్నా, పరికరం కన్నా చెయ్యి ముఖ్యం.

ఆల్బం ప్రాణం గిటార్ మీద ఉండే ఒక లోహపు కడ్డీలో ఉంది. దాన్ని ట్రెమలో ఆర్మ్ అంటారు. నొక్కితే తీగలు వదులై శ్రుతి దిగుతుంది, వదిలితే మళ్లీ ఎక్కుతుంది. అంతకుముందు గిటారిస్టులు స్వరం వాయించి, ఆ తర్వాత కడ్డీ ఊపేవారు. షీల్డ్స్ కడ్డీని కుడి చేతిలోనే ఉంచుకుని అదే చేత్తో తీగలు మీటాడు. మీటు పడ్డ ప్రతిసారీ కడ్డీ కొద్దిగా కదులుతుంది, శ్రుతి తూలుతుంది. తీగల మందం, బిగువు వేర్వేరు కాబట్టి అన్నీ ఒకే మేర దిగవు. వాటి మధ్య పొంతన క్షణక్షణం మారుతుంది. వినేవారికి శ్రుతి తప్పినట్టూ ఉంటుంది, తప్పనట్టూ ఉంటుంది. ఫెండర్ జాజ్‌మాస్టర్ గిటార్ కడ్డీ ఇందుకు బాగా అనువైంది. స్వరాన్ని ఊపడం తెలుగు చెవికి కొత్తేం కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగల వాద్యాన్ని గమకానికి వీలుగా అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌గా మార్చుకున్నారు. కానీ గమకం ఒక్క స్వరాన్ని, అదీ రాగం గీసిన హద్దులో కదిలిస్తుంది. షీల్డ్స్ చేతిలో స్వరాల గుంపంతా ఒకేసారి ఒరిగిపోతుంది.

దానికి తోడు రివర్స్ రివర్బ్. మామూలు ప్రతిధ్వని పెద్దగా మొదలై సన్నగిల్లుతుంది. ఇది మెల్లగా ఉబ్బి, చటుక్కున తెగుతుంది. అందుకే మీటు ఎక్కడ పడిందో చెవి పట్టలేదు. వందల గిటార్లను ఒకదానిపై ఒకటి పేర్చారన్న పుకారు ఇక్కడే పుట్టింది. నిజానికి చాలా పాటల్లో గిటార్ ట్రాకులు కొన్నే. మొదటి పాట ‘ఓన్లీ షాలో’ కోసం రెండు ఆంప్లిఫయర్లను ఎదురెదురుగా పెట్టి, వాటి కంపనాన్ని వేర్వేరు వేగాలకు అమర్చి, మధ్యలో మైకు ఉంచారు. ఇందులో ఖరీదైనదేమీ లేదు.

మిగతా సంగతులు క్లుప్తంగా చాలు. డ్రమ్మర్ కోల్మ్ ఓ కీసోగ్ అనారోగ్యం వల్ల చాలా పాటలకు ఆయన ముందుగా వాయించిన దెబ్బలనే శాంప్లర్‌లో పేర్చి తాళం నడిపారు. బేస్ వాద్యకారిణి డెబీ గూజ్ పేరు అట్టమీద ఉన్నా, బేస్ వాయించింది షీల్డ్సే. బిలిండా బుచర్, షీల్డ్స్ గొంతులను పదేపదే రికార్డు చేసి కలిపి, వాద్యాల మధ్యనే ఉంచేశారు. మాటలు సగమే వినపడతాయి. ఇది లోపమని కొందరంటారు గానీ, గొంతు పైకి వచ్చి ఉంటే ఈ పాటలు నిలిచేవి కావు.

ఇక తేదీల దగ్గరికి వస్తే ఖర్చు కథ బలహీనపడుతుంది. కడ్డీ పద్ధతి 1988లో వచ్చిన తొలి ఆల్బం ‘ఈజంట్ ఎనీథింగ్’ నాటికే షీల్డ్స్ చేతిలో ఉంది. ‘లవ్‌లెస్’ చివరి పాట ‘సూన్’ 1990 ఏప్రిల్‌లోనే ‘గ్లైడర్’ అన్న చిన్న రికార్డుపై విడుదలైంది. అన్నిటికన్నా సాహసమైన ‘టు హియర్ నోస్ వెన్’ 1991 ఫిబ్రవరిలో ‘ట్రెమలో’ అన్న మరో చిన్న రికార్డులో వచ్చింది. కొత్త శబ్దం ముందే సిద్ధం. ఆలస్యంలో పెద్ద వాటా గాత్రానిది, సాహిత్యానిది, స్టూడియో మార్పులది.

అలాగని ఆలస్యాన్ని పూర్తిగా వ్యర్థమనలేం. ‘సూన్’ను ‘గ్లైడర్’లో విడిగా విన్నప్పుడు అదొక మంచి డాన్స్ పాట. పది పాటల తర్వాత ఆల్బం చివర విన్నప్పుడు అంతవరకూ మబ్బులా ఉన్నదంతా తాళంలోకి దిగుతుంది. శబ్దానికి పద్ధతి చాలింది, ఆల్బం కావడానికి మాత్రం కాలం పట్టింది.

1991 సెప్టెంబర్‌లో నిర్వాణ బృందం రెండో ఆల్బం ‘నెవర్‌మైండ్’ వచ్చి అమ్మకాల్లో ప్రపంచాన్ని ఊపింది. ‘లవ్‌లెస్’ బ్రిటన్‌లో 24వ స్థానం దగ్గర ఆగింది. కొద్ది నెలల్లోనే క్రియేషన్ బృందాన్ని వదులుకుంది. 1992లో ఆ కంపెనీలో దాదాపు సగం వాటా సోనీ చేతికి వెళ్లింది. మూడో ఆల్బం ‘ఎం బీ వీ’ 2013 ఫిబ్రవరి దాకా రాలేదు.