ఊకపొయ్యి, గ్యాస్ పొయ్యి

తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైసుమిల్లుల ఊక ఒకప్పుడు ఇటుక బట్టీలకే కాదు, ఇంటి పొయ్యిలకూ వెళ్లేది. కొల్లేటి లంకల్లో తాటిమట్టలు, పిడకలు వాడేవారు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక ఆ ఇళ్లకు 14.2 కిలోల సిలిండరు చేరింది. ఈ రెండు పొయ్యిల్లో ఏది గొప్పదన్న చర్చ ఎప్పుడో తేలిపోయింది. తేలనిది వాటి బాగోగుల సంగతి. ఏది తన మరమ్మతు అడిగి చేయించుకుంటుంది, ఏది నోరు మెదపకుండా చెడిపోతుంది?

ఊకపొయ్యినే చూడండి. రేకు డబ్బా అడుగున పక్కగా ఒక కంత ఉంటుంది. అందులోంచి ఒక కర్ర, పైనుంచి నిలువుగా మరో కర్ర పెట్టి, చుట్టూ ఊక పోసి దట్టించాలి. కర్రలు మెల్లగా తిప్పుతూ లాగేస్తే గాలి ఆడే దారి మిగులుతుంది. వదులుగా దట్టిస్తే ఊక మధ్యలో కూలిపోతుంది, మంట చచ్చి ఇల్లంతా పొగ నిండుతుంది. పొద్దున్నే బూడిద తియ్యకపోతే ఆ పూట వంట లేదు. మట్టిపొయ్యిదీ అదే తీరు. బీట పడితే కుండ ఒరుగుతుంది కాబట్టి పేడా మట్టీ కలిపి అలకడం తప్పేది కాదు. తాటాకు ఇళ్ల వాడల్లోనైతే ఎండాకాలం గాడ్పు లేవకముందే వంట ముగించి, నిప్పుల మీద నీళ్లు చల్లి ఆర్పిగానీ ఇల్లాలు పొలం వెళ్లేది కాదు. ఆ భయమే ఆమెకు జాగ్రత్త నేర్పింది.

అంతమాత్రాన ఆ పొయ్యిని నెత్తిన పెట్టుకోవడం అన్యాయం. ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. పొగ కంటికి కనబడుతుంది, దగ్గిస్తుంది. బాలింత గదిలో తలుపులు మూసి పెట్టే కుంపటి అంతకన్నా ప్రమాదం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. హైదరాబాదులో ఇంజనీరు ఎస్.పి. రాజు పొగరాని పొయ్యిని రూపొందించి, 1953లో దాని మీద పుస్తకం కూడా రాశారు. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిలు పంచింది. పొగగొట్టంలో మసి తీసే అలవాటు కుదరని చోట అవి మూలబడ్డాయి.

ఊపిరితిత్తుల లెక్కన గ్యాస్‌దే గెలుపు, అందులో నాకు అనుమానం లేదు. మరమ్మతు లెక్కలో మాత్రం అది వెనకబడింది. ట్యూబు లోపల పగిలినా మంట నీలంగానే వెలుగుతుంది, అన్నం ఉడుకుతుంది. అందుకే దాన్ని ఎవరూ వంగి చూడరు. పాలు పొంగి బర్నరు కన్నాలు పూడితే మంట పసుపుపచ్చగా మారి గిన్నె అడుగున మసి పడుతుంది. అది చేసే ఫిర్యాదు దాదాపు అదొక్కటే. వాసన కోసం కలిపే మెర్‌కాప్టాన్ మరో హెచ్చరిక. కానీ చేపల చెరువు గట్టు మీద కాపలా షెడ్డులో, మంచం పక్కనే ఐదు కిలోల సిలిండరు పెట్టుకుని నిద్రపోయేవాడికి ఆ వాసన అందేదెలా? గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పాకి మంచం కింద పేరుకుంటుంది. పైన కిటికీ ఒక్కటే ఉంటే చాలదు, గోడ కింది భాగంలోనూ గాలి పోయే దారి ఉండాలి. ఏలూరు అపార్ట్‌మెంట్లలో వంటగట్టు కింద తలుపులు బిగించిన అరలోకి సిలిండరును తోసేయడమూ ఇలాంటి ప్రమాదమే.

ప్రభుత్వాల మీద నా ఫిర్యాదు ఇది: సిలిండరు ఇచ్చినంత శ్రద్ధగా దాన్ని చూసుకోవడం నేర్పలేదు. దీపం-2 కింద 2024 నుంచి ఏటా మూడు సిలిండర్లు ఉచితం. ఆ మూడుసార్లలో ఒక్కసారైనా ట్యూబు పరీక్ష తప్పనిసరి చేస్తే ఎంత మేలు!

అంతవరకూ ఆగకండి. ఇవాళే సిలిండరు పైభాగంలో రింగును పట్టుకుని ఉండే పట్టీ లోపలివైపు చూడండి. ఏ, బీ, సీ, డీలలో ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. సీ 27 అంటే 2027 సెప్టెంబరు లోపు దానికి పరీక్ష జరగాలని. గడువు దాటితే తీసుకోకండి. నారింజ రంగు సురక్ష ట్యూబును ఐదేళ్లకోసారి మార్చండి. ఎలక కొరికితే వెంటనే మార్చండి. అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, అగ్గిపుల్లతో మాత్రం పరీక్షించకండి. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా రెగ్యులేటరు ఆపి, తలుపులు తెరిచి, బయటికి వెళ్లి 1906కు ఫోను చేయండి.