చుంచెలుకల కథలో విడిచిన సగము

స్థూలకాయమునకు ప్రేగులలోని సూక్ష్మజీవులే కారణమని వాదించేవారు 2013లో జెఫ్రీ గోర్డన్ బృందము ప్రకటించిన ప్రయోగాన్ని తరచు ఉదాహరిస్తారు. కవలలలో ఒకరు లావు, ఒకరు సన్నము. వారి మలములోని సూక్ష్మజీవులను, పుట్టినది మొదలు సూక్ష్మజీవుల స్పర్శ లేని చుంచెలుకలలో ప్రవేశపెట్టినారు. లావువారి సూక్ష్మజీవులు చేరిన ఎలుకలకు కొవ్వు ఎక్కువగా పెరిగినది.

సాధారణముగా కథను ఇక్కడ ఆపుతారు. ఇది సరికాదు. తరువాత ఆ రెండు రకాల ఎలుకలను ఒకే బోనులో ఉంచినారు. ఎలుకలు ఒకదాని పెంటికలు మరొకటి తింటాయి గదా! ఆ విధముగా సన్నవారి సూక్ష్మజీవులు రెండవవాటిలో చేరి కొవ్వును అరికట్టినవి. అదీ, సంతృప్త కొవ్వు తక్కువగాను, పండ్లు, కూరలు ఎక్కువగాను ఉన్న ఆహారము పెట్టినప్పుడే. ఆహారము తారుమారు కాగానే ఆ మేలు కనబడలేదు. సూక్ష్మజీవుల మాత్రలు అమ్మేవారు ఈ సగము చెప్పరు.

మనుషుల మాట వేరు. 2012లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు ప్రకటించిన ప్రయోగములో, సన్నవారి సూక్ష్మజీవులు పొందిన పురుషులలో ఆరు వారాలకు ఇన్సులిన్ మెరుగుగా పనిచేసినది; బరువు మాత్రము తగ్గలేదు.