ఎప్వర్తు ఇంటి బడి

గత సంవత్సరము తల్లుల ఆదివారమున మా సంఘములో ప్రసంగించుచు, మన బోధకులలో అనేకులు చేయునట్లే నేనును సూసన్నా వెస్లీ అమ్మగారి మాట ఎత్తితిని. పందొమ్మిదిమంది బిడ్డలను కని, తొమ్మిదిమందిని పసితనముననే మట్టికి అప్పగించి, మిగిలిన పదిమందికి ఇంటనే అక్షరములు దిద్దించిన తల్లి ఆమె. ఆమె 1732 జూలై 24వ తేదీన తన కుమారుడు జాన్ వెస్లీకి వ్రాసిన జాబులోని నియమములను వరుసగా వినిపించి, "మన ఇండ్లును ఇట్లుండవలెను" అని ముగించితిని. ఆరాధన అయిన తరువాత ఒక తల్లి గుమ్మము దగ్గర చెప్పులు తొడుగుకొనుచు ఆగి, "అయ్యగారూ, ఆ యింటి ఆడపిల్లలు ఏమయ్యారు?" అని అడిగెను. "అందరూ భక్తిలోనే పెరిగి మంచి ఇండ్లకు వెళ్లారమ్మా" అంటిని. సంగతి తెలియకయే అంటిని. ఇంటికి వచ్చిన తరువాత ఆ జవాబు నన్ను విడువలేదు. అందుచేత ఆ జాబును మరల, ఈసారి ప్రసంగమునకు పనికివచ్చు ముక్కలకొరకు గాక, మొదటినుండి తుదివరకు చదివితిని.

జాబు పెద్దది కాదు. జాను ఆక్స్‌ఫర్డులో ఉపాధ్యాయుడై యుండగా, తమ్మును పెంచిన విధమును వ్రాసి పంపుమని తల్లిని కోరెను; అరువది మూడేండ్ల వయస్సున ఆమె వ్రాసి పంపెను. 1742లో ఆమెను లండనులో సమాధిచేసిన సందర్భమున అతడు దానిని తన దినచర్య గ్రంథములో చేర్చెను. అప్పటినుండి ఇది మెథడిస్టుల ఇండ్లలోనే గాక, ఇతర సంఘములవారి ఇండ్లలోను చదువబడుచున్నది. నేడు అమెరికా మొదలగు దేశములలో బిడ్డలను బడికి పంపక ఇంటనే చదివించు క్రైస్తవ కుటుంబములు అనేకములు కలవు. అట్టి పెద్ద కుటుంబముల తల్లులు ఈమెను తమ ముందు నడచిన అక్కగా ఎంచుకొందురు. మన తెలుగు సంఘములలో ఇంటి బడి అరుదు. అయినను మెదకు ప్రాంతమున వెస్లియను మిషను వేసిన విత్తనమువలన ఈ కుటుంబము పేరు మనకు క్రొత్త కాదు. (ఆమె ముసుగు తలపై కప్పుకొని వంటింటిలోనే ప్రార్థించెననియు, అది చూచి పిల్లలు నిశ్శబ్దముగా నుండిరనియు మనము ఎన్నిసార్లు చెప్పితిమో! ఆ కథ ఈ జాబులో ఎక్కడను లేదు.)

ఆ యింటి దినమును చూడుడి. లింకన్‌షైరులో ఎప్వర్తు అను పల్లె. తండ్రి సామ్యుయేలు వెస్లీ అచ్చటి గురువు, పండితుడు, ఎడతెగని అప్పులవాడు. 1705లో అప్పుకొరకు లింకను చెరసాలలో ఉంచబడెను. అట్టి ఇంటిలో ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండు వరకు, మరల రెండు మొదలు ఐదు వరకు బడి. బిడ్డకు ఐదేండ్లు నిండువరకు అక్షరము చూపరాదు. ఐదు నిండిన మరునాడు చదువు ఆరంభము. దానికి ముందు దినముననే ఇల్లు సర్ది, ఎవరి పని వారికి పంచి, బడి వేళలో ఆ గదిలోనికి ఎవరును రాకూడదని ఆజ్ఞ. ఒక్క దినములో బిడ్డ అక్షరములన్నియు నేర్వవలెను. ఇద్దరు కుమార్తెలకు మాత్రము ఒకటిన్నర దినము పట్టెను. అందువలన వారిని మందబుద్ధులని తలంచితినని ఆమె దాచక వ్రాసినది. అక్షరములు రాగానే బొమ్మల పుస్తకము కాదు, ఆదికాండము మొదటి అధ్యాయమే. ఒక వచనము కూడబలుకుకొని, తడుముకొనక చదువువరకు మరల మరల చదివి, తరువాతనే రెండవది. కడగొట్టు బిడ్డ కెజ్జీ విషయములో మాత్రము ఆమె మాట సాగక, ఐదేండ్లకు ముందే చదువు మొదలుపెట్టబడెను. తక్కినవారికి నెలలు పట్టిన చదువు ఆ బిడ్డకు సంవత్సరములు పట్టెనట. ఇంతకాలము తరువాత కూడ ఆ మాటలో కొంచెము రోషము వినబడుచున్నది!

సాయంకాలము ఆరు గంటలకు కుటుంబ ప్రార్థన, పిమ్మట భోజనము, ఏడింటికి దాది చిన్నవారికి స్నానము చేయించుట, ఎనిమిదికి అందరును పడకలలో. భోజనముల నడుమ తినరాదు. బల్లయొద్ద ఏదైన కావలసిన యెడల దాది చెవిలో మెల్లగా చెప్పవలెను.

దీనిలో మెచ్చదగినది బహు కలదు. దానిని నేను తగ్గించి చెప్పను. తప్పు ఒప్పుకొన్న బిడ్డను కొట్టరాదు. ఒక తప్పునకు రెండుమారులు శిక్షింపరాదు, తరువాత దానిని ఎత్తి పొడువరాదు. మంచి ఉద్దేశముతో చేసిన పని చెడిపోయినను ఉద్దేశమును అంగీకరింపవలెను. గుండుసూది విలువైనదైనను ఒకరిది మరియొకరు తీసికొనరాదు. ఆడపిల్ల చక్కగా చదువగలుగువరకు ఆమెను కుట్టుపనికి కూర్చుండబెట్టరాదు. ఈ చివరి నియమమును ఆ కాలమున ఒక గురువు భార్య వ్రాసెనని తలంచినప్పుడు నాకు ఆశ్చర్యము కలుగుచున్నది. పుస్తకముకంటె ముందు చీపురు ఆడపిల్ల చేతికి వచ్చు ఇండ్లు మన ఊళ్లలో ఇంకను ఉన్నవి. అవి క్రైస్తవుల ఇండ్లు కావని చెప్పుటకు నాకు నోరు రాదు.

కాని జాబునకు నడుమ దూలమువంటి మాట ఒకటి కలదు: బిడ్డ చిత్తమును మొదటనే జయింపవలెను. ఏడాది నిండునప్పటికే బిడ్డ బెత్తమునకు భయపడుటయు, ఏడ్చినను మెల్లగా ఏడ్చుటయు నేర్చుకొనవలెను. స్వచిత్తమే సకల పాపమునకు, సకల దుఃఖమునకు వేరు గనుక దానిని విరుచుటయే తల్లిదండ్రుల మొదటి పని. మన బోధకులు ఎక్కువగా పట్టుకొనునది ఈ మాటనే. సామెతల గ్రంథములోని బెత్తమును దీనికి జతచేసి, ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో తండ్రులు పిల్లలకు కోపము రేపకూడదన్న హెచ్చరికను జారవిడుతుము. నేనును జారవిడిచితిని.

నేను వేదాంత పాఠశాలలో నేర్చినది కొంచెమే. అయినను గెత్సేమనే తోటను గూర్చి ఇంతమాత్రము నేర్చితిని. మన ప్రభువునకు అచ్చట చిత్తము లేకపోలేదు. ఆయన కోరిక ఇట్టిదని తండ్రితో చెప్పి, ఆ మీదట దానిని తండ్రి చేతికి ఇచ్చెను. ఇచ్చుటకు చేతిలో ఏదో ఒకటి ఉండవలెను గదా. ఏడాది బిడ్డయొద్దనే దానిని విరిచివేసినచో, ఇరువదియేండ్లకు ఆ బిడ్డ దేవునికి ఏమి అప్పగించును? బెత్తము భయమువలన కలిగిన నిశ్శబ్దమును మనము విధేయత అని పిలిచినంతమాత్రమున అది విశ్వాసము కాదు.

ఇందులో నాకు మిక్కిలి విచిత్రముగా తోచినది వేరొకటి. ఈ నియమము వ్రాసిన తల్లి చిత్తము ఎన్నడును విరువబడినది కాదు. ఆమె తండ్రి శామ్యూలు ఆన్స్లీ గారు ఇంగ్లాండు రాజసంఘమును విడిచిన ప్రసిద్ధ బోధకుడు; ఆయన ఇరువదియైదుగురు బిడ్డలలో ఈమె కడపటిది. పదమూడేండ్లయినను నిండకముందే ఈ బాలిక తనంతట తానే ఆలోచించుకొని తండ్రి విడిచిన సంఘములోనే చేరినది. అందుకు ఆయన ఆమెను వెలివేసిన జాడ లేదు. పెండ్లియైన తరువాత విలియము రాజుకొరకు భర్త చేయు ప్రార్థనకు ఆమె ఆమేను చెప్పలేదు. భర్త అలిగి కొంతకాలము ఇల్లు విడిచిపోయెను. 1711వ సంవత్సరాంతమున అతడు లండనులో నుండగా, ఆదివారము సాయంకాలములలో ఆమె తన పిల్లలకు చదువు ప్రసంగములను వినుటకు ఇరుగుపొరుగువారు చేరి, వారి సంఖ్య రెండువందలకు పెరిగెను. సహాయ గురువు ఫిర్యాదు వ్రాయగా, మానుమని భర్త జాబు వ్రాసెను. ఆమె ఇచ్చిన ఉత్తరమును మనము చిత్తవిధేయతకు మాదిరిగా చూపలేము: సలహా చాలదు, తీర్పు దినమున బాధ్యత తనమీదికి రాకుండునట్లు స్పష్టమైన ఆజ్ఞ ఇమ్మని అడిగినది. ఆజ్ఞ రాలేదు, కూటములు ఆగలేదు. ఆమె చిత్తము విరిగినదై యుండినచో ఆ వంటింటిలో వాక్యము వినబడియుండునా?

కాబట్టి ఆ యింటిని నిలిపినది ఏది? దీనికి జవాబు 1732వ సంవత్సరపు జాబులో లేదు. దానికి ఇరువదేండ్లకు ముందు, 1712 ఫిబ్రవరిలో, ఆమె భర్తకు వ్రాసిన మరియొక జాబులో ఉన్నది. దానిని మనవారు అంతగా చదువరు. ఆ చలికాలమున పెద్ద కుమార్తె ఎమిలీకి తండ్రి గదిలో ఒక పుస్తకము దొరికెను. 1706లో మన దక్షిణ దేశమున తరంగంబాడికి వచ్చిన డేనిష్ మిషనరీలు చేసిన సేవా వృత్తాంతము అది. (ఆ మిషనుకు తరువాత వచ్చిన షుల్జె దొరగారే తెలుగు నేర్చి పరిశుద్ధ గ్రంథమును మన భాషలోనికి మొదట తిప్పెను.) దానిని విని తల్లి మనస్సు కరగెను. సముద్రము దాటి పోలేను, బోధకుడను కాను, అయినను నా బిడ్డలతో ఇంకను ఎక్కువ ప్రేమగా మాటలాడగలను గదా అని తలంచి, రాత్రికి ఒక బిడ్డ చొప్పున ఏర్పరచుకొనెను. సోమవారము మాలి, మంగళవారము హెట్టి, బుధవారము నాన్సీ, గురువారము జాను, శుక్రవారము పాట్టీ, శనివారము చార్లెసు, ఆదివారము ఎమిలీయు సూకీయు. ఆ గడియలో పాఠము లేదు, బెత్తము లేదు. ఆ బిడ్డ మనస్సులో ఏమున్నదో దానిని గూర్చి మాటలాడుటయే.

జాను వెస్లీ 1732వ సంవత్సరారంభమున, ఇరువదియెనిమిదేండ్లవాడై, కళాశాలలో ఉపాధ్యాయుడై యుండియు, పూర్వము తనకిచ్చుచుండిన గురువారపు సాయంకాలములో కొంచెము ఇప్పుడు మరియొక విధముగా తనకొరకు వినియోగింపుమని తల్లికి వ్రాసెను. నియమములను ఉపాధ్యాయుడుగా అడిగెను. గురువారమును కుమారుడుగా అడిగెను. ఈ రెండింటిని అతడే తరువాత వేరుచేసినట్లు నాకు తోచుచున్నది. 1748లో బ్రిస్టలు దగ్గర కింగ్స్‌వుడ్డులో అతడు స్థాపించిన బాలుర పాఠశాలలో తల్లి నియమములు మరింత బిగిసినవి: ఉదయము నాలుగింటికి లేచుట, ఆటలు లేవు, సెలవులు లేవు, ఒక్క దినమునకైనను బిడ్డను తల్లిదండ్రులు తీసికొనిపోరాదు. ఆ పాఠశాల తాను కోరినట్లు నడువలేదని అతడే పలుమారులు నొచ్చుకొనెను. అచ్చట అన్నియు ఉండెను, గురువారము తప్ప. బిడ్డలు లేనివారు బిడ్డల పెంపకమునకు నియమములు చేయుట సులభము. మా బోధకులమును ఇతరుల బిడ్డలవిషయములో అట్టివారమే.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న. ఏడుగురు కుమార్తెలు బ్రదికిరి. మాలి పెండ్లియైన కొలదికాలమునకే 1734లో ప్రసవమున చనిపోయెను. సూకీ కఠినుడైన భర్తను విడిచిపోవలసివచ్చెను. పాట్టీ భర్త బోధకుడే గాని భార్యకు నమ్మకస్థుడు కాడు. నాన్సీ మాత్రము నెమ్మదిగా బ్రదికినట్లున్నది. హెట్టి వారందరిలో తెలివిగలది, ఎనిమిదేండ్లకే గ్రీకు నిబంధనను చదివిన బాలిక. 1725లో తాను ప్రేమించినవానితో వెళ్లి, ఒక రాత్రి గడచిన తరువాత మోసపోయి తిరిగి వచ్చెను. తండ్రి క్షమింపలేదు. సీసపు పని చేయు ఒక త్రాగుబోతునకు ఆమె ఇయ్యబడెను. పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోయిరి. తప్పు ఒప్పుకొన్న బిడ్డను శిక్షింపరాదనియు, శిక్షించిన తప్పును మరల ఎత్తరాదనియు నియమములుగల ఇంటిలో ఇది జరిగెను. ఇది జరిగిన ఏడేండ్లకు తల్లి ఆ నియమములను వ్రాసి పంపెను. హెట్టి సంగతి అందులో ఒక్క మాటయు లేదు. ఆ మౌనమును నేను నిందింపను. దానిని విడిచి చదువుటకును ఇకమీదట నాకు ధైర్యము లేదు.

పోయిన నెలలో ఆ సహోదరి యింటికి వెళ్లి, "అమ్మా, ఆ రోజు నేను చెప్పినది తప్పు" అని హెట్టి సంగతి అంతయు చెప్పితిని. 1726లో జాను తన అక్క పక్షముగా కనికరమును గూర్చి ప్రసంగించి తండ్రికి కోపము తెప్పించిన సంగతి చెప్పితిని. 1750లో ఆమె మరణశయ్యమీద నుండగా చార్లెసు వచ్చి ప్రార్థించి, సమాధివరకు వెంట నడచిన సంగతి చెప్పితిని. ఆమె కొంతసేపు ఏమియు అనలేదు. గోడమీద ఒక బాలిక ఫోటో ఉన్నది, బడి యూనిఫారముతో. ఆ బాలిక ఇప్పుడు వేరే ఊరిలో, తండ్రి ఒప్పుకొనని పెండ్లి చేసికొని ఉన్నది. నేను సంఘ కాపరినై యుండియు రెండేండ్లుగా ఆ పేరు ఆ యింటిలో ఎత్తలేదు.

"తండ్రి చూడబోలేదా అయ్యగారూ?" అని అడిగెను.

"లేదమ్మా. 1735లో చనిపోయాడు."

"మా వారు ఆరుగంటలకి వస్తారు. మీరు కాసేపు కూర్చోండి" అని చెప్పి, ఆమె టీ పెట్టుటకు లోపలికి వెళ్లెను.